గ్వానహ్వాతో నగరములో రాత్రి వినోదములు

గ్వానహ్వాతో మెక్సికో దేశపు మధ్య పీఠభూమిలో, సముద్రమట్టమునకు సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉన్న పాత వెండిగనుల పట్టణము. ఇది అదే పేరుగల రాష్ట్రమునకు రాజధాని. ఈ నగరమును, పరిసరములలోని గనులను 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. ఇక్కడి రాత్రి వినోదములకు ఒక ప్రత్యేకత కలదు. పెద్ద నగరములలో వలె ఇవి నాలుగు గోడల మధ్య జరిగేవి మాత్రమే కావు. సందులు, మెట్లు, చౌకులు, చర్చి ముంగిళ్లు ఇక్కడ రంగస్థలములు. విద్యార్థులు, వాద్యకారులు, ఇరుగుపొరుగువారు ఇక్కడ కళాకారులు. నాటకశాలలు, కాంతీనాలు (మద్యశాలలు), ఉత్సవములు అన్నియు ఈ వీధి చుట్టూనే అల్లుకొని ఉన్నవి.

పేరు

ఈ ప్రాంతపు పురేపెచా భాషలో "కప్పల కొండ" అనే అర్థమిచ్చే మాట నుండి నగరమునకు ఈ పేరు వచ్చినదని చెబుతారు. స్పానిష్ భాషలో "జె" అక్షరమును "హ" వలె పలుకుతారు. కనుక స్థానికుల ఉచ్చారణ గ్వానహ్వాతో. ఆంగ్ల వర్ణక్రమమును అనుసరించి తెలుగులో గ్వానాజువాటో అని వ్రాయుట కూడా వాడుకలో ఉన్నది.

నైసర్గిక స్వరూపము

నగరము ఇరుకైన లోయలో, కొండవాలుల మీద వ్యాపించి ఉన్నది. సమతలముగా ఉండే స్థలము చాలా తక్కువ. అందువలన ఇళ్లు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు కనిపిస్తాయి. వాటి మధ్య దారులు చాలావరకు మనుషులు నడిచే సందులే. వీటిని స్పానిష్‌లో కయెహోన్ అంటారు. చాలా సందులలో బండి పట్టదు.

లోయ గుండా ప్రవహించే నది పలుమార్లు నగరమును ముంచెత్తినది. 1905లో వచ్చిన వరద వాటిలో మిక్కిలి తీవ్రమైనది. వరదనీటిని మళ్లించుటకు సొరంగములు త్రవ్వబడినవి. నది దారి మళ్లిన తరువాత 1960 దశకములో పాత నదీగర్భమును భూగర్భ రహదారిగా మార్చినారు. నేడు వాహనములలో అధికభాగము నేల క్రింది సొరంగముల గుండా పోతాయి. ఈ కారణముగా నేలపైన నగర కేంద్రము నడిచేవారికి మిగిలినది. వీధిలో నిలబడి పాట వినగలుగుట, చౌకులో నాటకము ఆడగలుగుట ఇందువలననే సాధ్యమైనవి. పీఠభూమి కావడముచేత పగలు ఎండగా ఉన్నను రాత్రులు చల్లగా ఉంటాయి. వేసవిలో సైతము సాయంత్రము పైన శాలువా కప్పుకొని చౌకులో కూర్చొనుట ఇక్కడ సామాన్యము.

చారిత్రక నేపథ్యము

16వ శతాబ్దము మధ్యలో ఇక్కడ వెండి నిక్షేపములు బయటపడినవి. 18వ శతాబ్దములో ఇది ప్రపంచములో అత్యధికముగా వెండిని ఇచ్చే ప్రాంతములలో ఒకటిగా ఎదిగినది. నగరము శివారులోని లా వాలెన్సియానా గని వీటిలో ముఖ్యమైనది. స్పానిష్ అమెరికా వెండి ఐరోపా వర్తకుల ద్వారా ఆసియా అంతటా వ్యాపించి, వస్త్రముల కొనుగోలు నిమిత్తము భారతదేశపు తీరములకు కూడా చేరినది.

ఈ వెండి నగరములో రెండు విధముల వినోదములకు దారితీసినది. గని యజమానులు చర్చిలను, భవనములను, నాటకశాలలను కట్టించినారు. గనులలో దిగి పనిచేసే కూలీలు వారాంతములో కూలి చేతికి రాగానే కాంతీనాలకు, జూదమునకు, కోడిపందెములకు చేరేవారు. మొదటిది దీపముల వెలుగులో, రెండవది సందుల చీకటిలో సాగినది. నేటి గ్వానహ్వాతో రాత్రులలో ఈ రెండు పాయలును కనిపిస్తాయి.

మూడవ పాయ చదువు. 1732లో జెసూట్ సన్యాసులు స్థాపించిన పాఠశాల క్రమముగా ప్రభుత్వ కళాశాలగా మారి, 1945లో గ్వానహ్వాతో విశ్వవిద్యాలయము అయినది. 20వ శతాబ్దములో గనుల ఆదాయము తగ్గిన తరువాత నగరమునకు ప్రాణము నిలిపినవారిలో విద్యార్థులు ముఖ్యులు.

ప్రధాన వేదికలు

హ్వారెస్ నాటకశాల

తేయాత్రో హ్వారెస్ నగరములోని అతి ప్రసిద్ధ భవనములలో ఒకటి. పూర్వము ఈ స్థలములో ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మఠము ఉండేది. 19వ శతాబ్దము మధ్యలో అధ్యక్షుడు బెనితో హ్వారెస్ కాలపు సంస్కరణలలో చర్చి ఆస్తులు ప్రభుత్వపరమైనవి. మఠపు స్థలములో లేచిన నాటకశాలకు ఆ సంస్కర్త పేరే పెట్టబడుట గమనార్హము. 1870 దశకములో మొదలైన నిర్మాణము మధ్యలో చాలాకాలము నిలిచిపోయినది. తరువాత వాస్తుశిల్పి ఆంతోనియో రివాస్ మెర్కాదో దీనిని పూర్తిచేసినాడు. మెక్సికో నగరములోని స్వాతంత్ర్య స్తంభమును రూపొందించినది కూడా ఇతడే.

1903 అక్టోబరు 27న దేశాధ్యక్షుడు పోర్ఫీరియో దియాస్ ఈ నాటకశాలను ప్రారంభించినాడు. ఆ రాత్రి ఇటలీ స్వరకర్త వెర్దీ రచించిన "ఐదా" సంగీతనాటకము ప్రదర్శించబడినది. భవనపు ముఖభాగము గ్రీకు పద్ధతిలో స్తంభములతో, కప్పు మీద కళాదేవతల విగ్రహములతో ఉంటుంది. లోపలి అలంకరణ మాత్రము అరబ్బు పద్ధతిని పోలి ఎరుపు, నీలము, బంగారు వర్ణములతో నిండి ఉంటుంది. లోపల టికెట్టు కొన్నవారు కూర్చుంటే, ముందరి విశాలమైన మెట్ల మీద టికెట్టు లేనివారందరు కూర్చుంటారు. సాయంకాలము ఈ మెట్లే ఒక ఉచిత ప్రేక్షకశాల. ఎదుట విదూషకులు, మూకాభినయము చేసేవారు, గాయకులు ప్రదర్శనలిచ్చి టోపీ పట్టి చిల్లర అడుగుతారు.

ఊనియోన్ ఉద్యానము

నాటకశాలకు ఎదురుగా ఉన్న ముక్కోణపు తోట హర్దీన్ దే లా ఊనియోన్. ఆకారమును బట్టి స్థానికులు దీనిని "జున్నుముక్క" అని సరదాగా పిలుస్తారు. తోట అంచున దట్టముగా కత్తిరించిన చెట్లు గొడుగు పట్టినట్లు నిలిచి ఉంటాయి. వీటిని మెక్సికోలో "భారత లారెల్" అంటారు. ఇవి మన మర్రి, రావి చెట్ల ప్రజాతికి చెందినవే. మధ్యలో వాద్యబృందము కొరకు మండపము ఉన్నది. చుట్టూ ఉన్న భోజనశాలల బల్లల మధ్య మరియాచీ బృందములు తిరుగుతూ, అడిగిన పాటకు రుసుము తీసుకొని పాడతాయి. మరియాచీ సంగీతమును యునెస్కో 2011లో మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినది.

ఈ తోట కేవలము పర్యాటకులది కాదు. తాతలు, మనుమలు, ప్రేమికులు, బుడగలమ్మేవారు అందరు చీకటిపడగానే ఇక్కడికి చేరుతారు. పూర్వము మెక్సికో పట్టణముల చౌకులలో యువకులు ఒక దిశలో, యువతులు ఎదురు దిశలో ప్రదక్షిణముగా నడుస్తూ ఒకరినొకరు చూచుకొనే ఆచారము ఉండేది.

ప్రిన్సిపాల్ నాటకశాల, అలోందిగా

18వ శతాబ్దము చివర నిర్మించిన పాత నాటకశాల 1921లో అగ్నిప్రమాదములో కాలిపోయినది. దాని స్థానములో 1955లో తేయాత్రో ప్రిన్సిపాల్ తిరిగి నిర్మించబడినది.

అలోందిగా దే గ్రానాదితాస్ 1809లో పూర్తయిన ధాన్యాగారము. మెక్సికో స్వాతంత్ర్యయుద్ధపు తొలి పోరాటములలో ఒకటి 1810 సెప్టెంబరు 28న ఇక్కడనే జరిగినది. మరుసటి సంవత్సరము స్పానిష్ ప్రభుత్వము విప్లవ నాయకుల తలలను దీని మూలలలో వ్రేలాడదీసినది. నేడిది చరిత్ర ప్రదర్శనశాల. వెలుపలి విశాలమైన మెట్లు, ముంగిలి ఉత్సవకాలములో వేలమంది కూర్చొను బహిరంగ సంగీత వేదిక అవుతాయి.

వీధి నాటకముల నుండి సెర్వాంతీనో ఉత్సవము వరకు

1953లో విశ్వవిద్యాలయ నాటకాచార్యుడు ఎన్రీకే రుయేలాస్ తన విద్యార్థులతో సాన్ రోకే చౌకులో కొన్ని నాటికలను ప్రదర్శించినాడు. "డాన్ క్విక్సోట్" రచయిత అయిన స్పానిష్ సాహితీవేత్త సెర్వాంతెస్ 1615లో ప్రచురించిన ఎంత్రెమేసెస్ అనే హాస్యనాటికలు ఇవి. పెద్ద నాటకముల అంకముల మధ్య విరామములో ఆడుటకు ఉద్దేశించిన చిన్న ప్రహసనములని వీటిని చెప్పవచ్చును. ప్రత్యేకముగా వేదిక కట్టలేదు. చర్చి ముఖము, రాళ్లు పరచిన నేల, చుట్టుప్రక్కల ఇళ్ల కిటికీలే రంగసజ్జ. నగరములోని సామాన్యులు కూడా పాత్రలు ధరించినారు. సెర్వాంతెస్ ఎన్నడును మెక్సికో చూడలేదు. అమెరికా ఖండములో ఉద్యోగము కోరి 1590లో ఆయన పెట్టుకొన్న అర్జీ తిరస్కరించబడినది. అట్టివాని పేరు ఒక మెక్సికో పట్టణమునకు గుర్తుగా నిలిచినది ఈ చౌకు ప్రదర్శనల వలననే.

ఈ నాటికల ఆదరణ పునాదిగా 1972లో అంతర్జాతీయ సెర్వాంతీనో ఉత్సవము ఆరంభమైనది. ఇది ప్రతి సంవత్సరము ప్రధానముగా అక్టోబరులో జరుగుతుంది. వివిధ దేశముల నుండి నాటక, సంగీత, నృత్య బృందములు వస్తాయి. కరోనా మహమ్మారి కారణముగా 2020లో ప్రదర్శనలు అంతర్జాలములో జరిగినవి. 2022లో 50వ ఉత్సవము జరిగినది. 1987లో నగరములో డాన్ క్విక్సోట్ చిత్రములు, శిల్పములతో ఒక ప్రదర్శనశాల కూడా తెరువబడినది.

1998లో సాన్ మిగేల్ దే అయెందే పట్టణములో ఆరంభమైన చలనచిత్రోత్సవము తరువాత గ్వానహ్వాతోకు కూడా విస్తరించినది. సొరంగములలోను, శ్మశానవాటికలోను రాత్రివేళ చిత్రములు ప్రదర్శించుట దీని ప్రత్యేకత.

కయెహోనెయాదా

సందులలో పాడుతూ సాగే ఊరేగింపును కయెహోనెయాదా అంటారు. దీనిని నడిపే వాద్యబృందము పేరు ఎస్తూదియాంతీనా. ఈ సంప్రదాయపు మూలములు స్పెయిన్‌లో ఉన్నవి. మధ్యయుగములో అక్కడి పేద విద్యార్థులు ఇంటింటి ముందు పాడి, ప్రతిఫలముగా ఒక పూట భోజనము సంపాదించుకొనేవారని చెబుతారు. తెలుగునాట వారములు చేసుకొని చదువుకొన్న విద్యార్థులతో వీరిని పోల్చవచ్చును. గ్వానహ్వాతోలో విశ్వవిద్యాలయపు ఎస్తూదియాంతీనా 1960 దశకము తొలి సంవత్సరములలో ఏర్పడినది. తరువాత అనేక బృందములు వెలసినవి.

బృందసభ్యులు నల్లని వెల్వెట్టు అంగరఖా, ఉబ్బు చేతులు, రంగురంగుల రిబ్బనులు కుట్టిన పైవస్త్రము ధరిస్తారు. గిటారు, మాండలిన్, కంజిరను పోలిన గిలకల తప్పెట ముఖ్య వాద్యములు. చీకటిపడిన తరువాత నాటకశాల ప్రక్కనున్న సాన్ దియేగో చర్చి ముందు జనము గుమికూడుతారు. రుసుము చెల్లించినవారికి పోర్రోన్ అనే పాత్ర ఇస్తారు. ఇది సన్నని పొడవైన కొమ్ము గల పాత్ర. అందులో ద్రాక్షసారాయి లేక పండ్లరసము ఉంటుంది. పెదవికి తగలకుండా ఎత్తి పోసుకొని త్రాగవలెను. మనవారికి అలవాటైన ఈ పద్ధతి అక్కడ నవ్వు పుట్టించే పరీక్ష.

ఊరేగింపు సందు నుండి సందుకు సాగుతుంది. మలుపు మలుపున ఆగి ఒక పాట, ఒక పరిహాసము, ఆ స్థలపు కథ చెబుతారు. చివరకు చాలా బృందములు "ముద్దు సందు" (కయెహోన్ దెల్ బేసో) చేరుతాయి. ఇక్కడ ఎదురెదురు మేడల వసారాల మధ్య దూరము సుమారు 70 సెంటీమీటర్లు మాత్రమే. ధనవంతుని కుమార్తె, పేద గనికార్మికుడు ఈ వసారాల నుండి ప్రేమించుకొనగా, తండ్రి ఆగ్రహించి కుమార్తెను పొడిచి చంపినాడని ఒక కథ ప్రచారములో ఉన్నది. ఇది జానపద గాథయే గాని చరిత్ర కాదు. ఆ సందు మూడవ మెట్టు మీద దంపతులు ముద్దాడినచో సంవత్సరముల తరబడి సుఖముగా ఉంటారని నమ్మకము.

కాంతీనాలు

కాంతీనా అనునది మెక్సికో మద్యశాల. తెలుగులో వాడే "కాంటీన్" అను మాటకు మూలము కూడా ఇటాలియన్‌లోని ఇదే పదము. అక్కడ దాని అర్థము ద్రాక్షసారాయిని నిలువచేసే నేలమాళిగ. గనుల పట్టణములలో కాంతీనా కార్మికునికి సభామందిరము వంటిది. రెండు రెక్కల ఊగుడు తలుపులు, పొడవైన చెక్క బల్ల, డొమినో ఆట, ఒక మూల పాటగాడు దీని సామాన్య లక్షణములు. త్రాగిన ప్రతి పాత్రతోపాటు ఉచితముగా ఇచ్చే చిరుతిండిని బొతానా అంటారు. నిమ్మరసము, మిరపకాయ లేని బొతానా అరుదు. నేడు తెలుగువారి వంటలో విడదీయరాని మిరపను మొదట సాగుచేసినది మెక్సికో ప్రాంతమే.

ఇక్కడ త్రాగే పానీయములలో కిత్తనారను పోలిన మగేయ్ మొక్క నుండి తీసేవి ముఖ్యమైనవి. దాని రసమును పులియబెడితే పుల్కే అవుతుంది. ఇది కల్లు వలె తెల్లగా, పలుచని నురుగుతో ఉండి, కల్లు వలెనే ఎక్కువ కాలము నిలువ ఉండదు. మగేయ్ దుంపను కాల్చి, పులియబెట్టి, బట్టీ పట్టినచో మెస్కాల్ వస్తుంది. తెకీలా అందులో ఒక రకము. మెక్సికోలో 18 సంవత్సరములు నిండనివారికి మద్యము అమ్మరాదు.

కాంతీనాల చరిత్రలో చెప్పుకొనవలసిన అంశము స్త్రీల ప్రవేశము. చాలాకాలము స్త్రీలకు, బాలురకు, యూనిఫారములో ఉన్న సైనికులకు ప్రవేశము లేదని తలుపులపై వ్రాసి ఉండేది. రాజధాని మెక్సికో నగరములో స్త్రీలపై ఉన్న ఈ నిషేధము 1980 దశకము ఆరంభములో తొలగినది. చట్టము మారినంత వేగముగా అలవాటు మారలేదు. గ్వానహ్వాతో వంటి విశ్వవిద్యాలయ పట్టణములలో విద్యార్థినుల రాకతో పాత కాంతీనాల స్వరూపము కొంత మారినది. తోటలో, చౌకులో, మెట్ల మీద మాత్రము స్త్రీలు ఎప్పుడును ఉన్నారు. ఇది వీధి వినోదమునకును మూసిన గదుల వినోదమునకును గల ముఖ్యమైన భేదము.

పండుగ రాత్రులు

గుడ్‌ఫ్రైడేకు వారము ముందు వచ్చే శుక్రవారమును గ్వానహ్వాతోలో "పూల దినము"గా జరుపుకొంటారు. ఇది గని కార్మికుల రక్షకురాలుగా భావించే శోకమాత మేరీ పర్వదినము. ఇళ్లలోను, గనులలోను పీఠములు అలంకరించి, వచ్చినవారికి పండ్లరసములు, ఐస్‌క్రీము పంచుతారు. ముందు రాత్రి యువతీయువకులు నృత్యములతో జాగారము చేస్తారు. తెల్లవారుజామున ఊనియోన్ ఉద్యానము పూల అంగళ్లతో నిండిపోతుంది. యువకులు యువతులకు పూలు ఇస్తారు. ఇందులో టికెట్టు లేదు, వేదిక లేదు. నగరవాసులు తమ కొరకు తాము జరుపుకొనే రాత్రి ఇది.

ఇతర పీఠభూమి పట్టణములు

సకతేకాస్: సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉన్న ఈ వెండి పట్టణము 1993లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది. ఇక్కడి కయెహోనెయాదాలో తీగవాద్యములకు బదులు డోళ్లు, ఇత్తడి బాకాలతో కూడిన తంబొరాసో బృందము ఉంటుంది. మెడలో రిబ్బనుతో వ్రేలాడే చిన్న మట్టిముంతలో మెస్కాల్ పోస్తారు. ఎల్ ఎదేన్ అను పాత గనిని పర్యాటకులకు తెరచి, దాని లోపల నృత్యశాలను కూడా నడిపినారు. 1866 నాటి సాన్ పెద్రో ఎద్దులపోరు ప్రాంగణము హోటలుగా మార్చబడినది.

సాన్ మిగేల్ దే అయెందే: 2008లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది. రెండవ ప్రపంచయుద్ధము తరువాత అమెరికా మాజీ సైనికులు ఇక్కడి చిత్రకళా పాఠశాలలలో చేరుటతో విదేశీయుల రాక పెరిగినది. ఇక్కడి రాత్రి జీవితము చిత్రశాలలు, మేడపై భోజనశాలలు, సంగీత కచేరీల చుట్టూ తిరుగుతుంది. 1873లో ఆరంభమైన నాటకశాలకు ఆనాటి ప్రసిద్ధ గాయని ఆంహెలా పెరాల్తా పేరు ఉన్నది.

సమస్యలు

వీధి వినోదము అందరిదగుటయే దాని బలము, అదే దాని చిక్కు. కయెహోనెయాదా ఆగే ప్రతి మలుపులోను ఎవరో ఒకరు నిద్రించవలసిన కిటికీ ఉన్నది. వారాంతములలో అనేక బృందములు ఒకదాని వెనుక ఒకటి రావడము, ఉత్సవకాలములో మద్యము సేవించిన గుంపులు సందులలో తెల్లవారువరకు తిరగడము నివాసులకు ఇబ్బంది. కేంద్రములోని ఇళ్లు పర్యాటకుల బసలుగా మారుతున్నకొలది శాశ్వత నివాసులు తగ్గే ప్రమాదమున్నది. కిటికీలో మనిషి లేనినాడు సాన్ రోకే చౌకు కేవలము ఒక రంగసజ్జగా మిగులుతుంది. సందు పాటకు కోపగించుకొనే నివాసియే ఆ పాటకు అర్థమిచ్చేవాడు కూడా.

రెండవ సమస్య భద్రత. 2018 తరువాత అనేక సంవత్సరముల పాటు గ్వానహ్వాతో రాష్ట్రము మెక్సికోలో అత్యధిక సంఖ్యలో హత్యలు నమోదైన రాష్ట్రముగా నిలిచినది. ఇంధన దొంగతనములు, మాదకద్రవ్య ముఠాల మధ్య పోరు ఇందుకు ముఖ్య కారణములు. హింస ప్రధానముగా సెలాయా, సలమాంకా, ఇరాప్వాతో వంటి పారిశ్రామిక పట్టణములలో జరిగినది. అక్కడ మద్యశాలలు కూడా దాడులకు గురైనవి. రాజధాని నగరము వాటితో పోల్చినచో ప్రశాంతముగా ఉన్నను, రాత్రి ప్రయాణముల విషయములో జాగ్రత్త పెరిగినది. సకతేకాస్ రాష్ట్రము కూడా 2020 తరువాత ఇట్టి హింసను ఎదుర్కొన్నది.

చీకటిపడిన తరువాత నిర్భయముగా బయటకు రాగలుగుట మీదనే ఈ పట్టణముల వినోదములన్నియు ఆధారపడి ఉన్నవి. నాటకశాలను మరమ్మతు చేయవచ్చును, ఉత్సవమునకు నిధులు కేటాయించవచ్చును. కాని మనుమని చేయి పట్టుకొని తాత రాత్రి పది గంటలకు తోటలో కూర్చొనే అలవాటు ఒకసారి పోయినచో దానిని తిరిగి తెచ్చుట కష్టము. గ్వానహ్వాతోలో ఆ అలవాటు ఇంకను నిలిచి ఉన్నది.